ఫిర్యాదు చేస్తే ఇల్లు పోతోంది: న్యూయార్క్ సబ్‌టెనెంట్ల తరఫున ఒక బహిరంగ లేఖ

న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ సభ్యులకి, అద్దె నియంత్రణ చూసే అధికారులకి, సిటీ కౌన్సిల్ సభ్యులకి, అలాగే ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకి, ఇళ్ళు, రూమ్స్ యాడ్లు పెట్టే గ్రూపుల అడ్మిన్లకి,

నమస్కారం. నేను న్యూయార్క్ సిటీలోని క్వీన్స్ లో ఉంటాను, 2022 లో మాస్టర్స్ కి వచ్చి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా. ఇల్లు లీజుకి తీసుకున్నవాళ్ళు దాన్ని మళ్ళీ ఇంకొకరికి అద్దెకిస్తే సబ్‌లెట్ అంటారు, అలా అద్దెకి ఉండేవాళ్ళే సబ్‌టెనెంట్లు. వాళ్ళ దగ్గర ఎక్కువ అద్దె గుంజుతున్నారు, ఫిర్యాదు చేస్తే వాళ్ళకే ఇల్లు పోతోంది. ఈ విషయం మీద ఒక ప్రజాప్రతినిధి ఆఫీసుకి ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు రాశా, మనవాళ్ళ సంఘం ఒకదానికి ఇంకోటి రాశా. ఒక చోట నుంచి మీ మెయిల్ అందింది అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, రెండో చోట నుంచి అదీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నా. తెలుగులో ఎందుకంటే ఇందులో నష్టపోయేవాళ్ళూ మనవాళ్ళే, చాలాసార్లు నష్టపెట్టేవాళ్ళూ మనవాళ్ళే. ఇంగ్లీషు కాపీ ఆఫీసులకి వేరేగా పంపుతున్నా.

ముందు జరిగింది చెప్తా.

2023 సెప్టెంబర్ లో నేనూ, గుంటూరు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయీ కలిసి ఒక గ్రూపులో యాడ్ చూసి వెళ్ళాం. వన్ బెడ్‌రూమ్, ఫర్నిష్డ్, ట్రైన్ కి దగ్గర, నో క్రెడిట్ చెక్ (అంటే అప్పులు తీర్చిన రికార్డు అడగరు). ఆ ఆఖరి మాట చూసే వెళ్ళాం నిజానికి. ఇక్కడ మామూలుగా ఇల్లు తీసుకోవాలంటే నెల అద్దెకి 40 రెట్లు ఏడాది జీతం చూపించమంటారు, లేదంటే గ్యారంటర్ ని తెమ్మంటారు, ఆ గ్యారంటర్ జీతం 80 రెట్లు ఉండాలంటారు. కొత్తగా దిగినవాళ్ళకి క్రెడిట్ హిస్టరీ ఉండదు, కొంతమందికి సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా రాదు, ఖమ్మంలో ఉన్న మా నాన్న సంతకం ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి మాలాంటివాళ్ళు సబ్‌లెట్ కే వెళ్ళాలి, ఇంకో దారి లేదు.

ఆ ఇల్లు లీజు ఒక తెలుగాయన పేరు మీద ఉంది. ఆయనకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి ఫ్యామిలీతో వెళ్ళిపోయాడు, ఇల్లు మాత్రం వదులుకోలేదు. మేము అన్నయ్యా అనే పిలిచేవాళ్ళం. అద్దె 2,350 డాలర్లు, రెండు నెలల డిపాజిట్ అన్నాడు. అగ్రిమెంట్ అడిగితే "మనలో మనకి పేపర్లు ఎందుకు చెల్లెమ్మా" అన్నాడు. ఇంకా కొన్ని చెప్పాడు: బజర్ మీద, మెయిల్‌బాక్స్ మీద పేర్లు పెట్టొద్దు, జెల్ (బ్యాంకు నుంచి డబ్బు పంపే యాప్) లో డబ్బులు వేసేటప్పుడు రెంట్ అని రాయొద్దు, బిల్డింగ్ చూసుకునే సూపర్ అడిగితే కజిన్స్ అని చెప్పండి. అవి విన్నప్పుడే అనుమానం రావాలి కదా అని మీరనొచ్చు, వచ్చింది, కానీ అప్పటికి మేము మూడు వారాలుగా తెలిసినవాళ్ళ సోఫా మీద పడుకుంటున్నాం.

మేము చేరిన తొమ్మిదో నెలలో ఎవరో తలుపు కింద నుంచి ఓనర్ ఆయనకి పంపే రెంట్ బిల్లు తోసి వెళ్ళారు, కవర్ కూడా లేదు, మడత కూడా లేదు. ఆ నెల అద్దె 1,400 డాలర్లు అని ఉంది. అద్దె నియంత్రణలో ఉన్న ఇల్లు అని అప్పుడు తెలిసింది మాకు. ఆయనకి ఫోన్ చేసి అడిగితే మొదట నవ్వేశాడు, తరవాత ఫర్నిచర్ ఉంది కదమ్మా అన్నాడు, నేను గట్టిగా మాట్లాడేసరికి "ఇష్టం లేకపోతే ఖాళీ చేసెయ్యండి, లైన్లో పది మంది ఉన్నారు" అన్నాడు. ఇంకో రెండు నెలలు ఇలాగే గొడవతో గడిచాయి, 2024 జులై ఆఖర్లో నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి తాళం మారిపోయి ఉంది. మా సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు లోపలే ఉన్నాయి. పోలీసులకి ఫోన్ చెయ్యలేదు, వీసా స్టేటస్ కి ఏమైనా అవుతుందేమో అని భయం. ఆ రాత్రి ఇద్దరం బిల్డింగ్ మెట్ల మీద కూర్చున్నాం, అక్కడి నుంచే ఆ అమ్మాయి వాళ్ళమ్మకి అంతా బాగానే ఉంది అని ఫోన్ లో చెప్పింది. మూడో రోజు ఆయన ఫ్రెండ్ ఒకాయన వచ్చి తలుపు తీసి సామాన్లు తీసుకెళ్ళనిచ్చాడు. డిపాజిట్ 4,700 డాలర్లు ఈ రోజుకీ రాలేదు.

ఇప్పుడు చట్టం ఏం చెప్తుందో చెప్తా, ఎందుకంటే అధికారులకి తెలిసినా మనవాళ్ళలో చాలామందికి తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు. మన దగ్గర సబ్‌లెట్ అంటేనే తప్పు అన్నట్టు ఉంటుంది, 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంకొకరికి ఇస్తే ఖాళీ చేయించడానికి అదే కారణం. ఆ ఆలోచనతో వచ్చిన పిల్లలు ఇక్కడ కూడా మనకి హక్కు ఏముంటుందిలే అనుకుంటారు. అది తప్పు.

న్యూయార్క్ సిటీలో దాదాపు పది లక్షల ఇళ్ళు రెంట్ స్టెబిలైజేషన్ (అద్దె పెంపుకి పరిమితి పెట్టే నియంత్రణ) కింద ఉన్నాయి, అంటే అద్దెకిచ్చే ఇళ్ళలో 40 శాతం పైనే. ఎక్కువగా 1974 కి ముందు కట్టిన, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న బిల్డింగులు. వీటికి అద్దె ఎంత వరకు పెంచొచ్చో ప్రతి ఏడాది రెంట్ గైడ్‌లైన్స్ బోర్డు చెప్తుంది, ఉదాహరణకి 2025 అక్టోబర్ నుంచి 2026 సెప్టెంబర్ లోపు మొదలయ్యే లీజులకి ఏడాదికైతే 3 శాతం, రెండేళ్ళకైతే 4.5 శాతం. నాలుగు అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న బిల్డింగులో లీజుదారుకి సబ్‌లెట్ చేసుకునే హక్కు కూడా ఉంది. సర్టిఫైడ్ మెయిల్ (రసీదు ఉండే పోస్టు) లో ఓనర్ ని అడగాలి, ఎవరికి ఇస్తున్నారు, ఎందుకు, ఎన్నాళ్ళు, తను ఎక్కడ ఉంటాడు అన్నీ రాయాలి. ఓనర్ కి ఇంకా వివరాలు కావాలంటే 10 రోజుల్లో అడగాలి, 30 రోజుల్లో జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, సరైన కారణం లేకుండా కాదనకూడదు. స్టెబిలైజ్డ్ ఇల్లయితే లీజుదారు మళ్ళీ తిరిగి రావాలి, అది తన అసలు ఇల్లుగానే ఉండాలి, నాలుగేళ్ళలో రెండేళ్ళకి మించి ఇవ్వకూడదు. అద్దె తను కట్టే చట్టబద్ధమైన అద్దెకి మించకూడదు, పూర్తి ఫర్నిచర్ తో ఇస్తే ఇంకో 10 శాతం కలుపుకోవచ్చు, అంతే.

మా లెక్క వేసి చూడండి. 1,400 కి పది శాతం కలిపితే 1,540. మా ఇంట్లో ఉన్నది ఒక మంచం, ఒక చిరిగిన సోఫా, అయినా దాన్నే పూర్తి ఫర్నిచర్ అనుకుందాం. మేము కట్టింది 2,350. నెలకి 810 ఎక్కువ, 11 నెలలకి 8,910 డాలర్లు. సబ్‌టెనెంట్ దగ్గర ఎక్కువ వసూలు చేస్తే దానికి మూడు రెట్లు పరిహారంగా ఇప్పించొచ్చని నిబంధనల్లో ఉంది, అంటే 26,730. కాగితం మీద మేము చాలా బలవంతులం. డిపాజిట్ కూడా అంతే, 2019 చట్టం ప్రకారం ఒక నెల అద్దెకి మించి తీసుకోకూడదు, ఖాళీ చేసిన 14 రోజుల్లో లెక్క చెప్పి తిరిగి ఇవ్వాలి. 30 రోజులు దాటి ఉన్న మనిషిని కోర్టు ఆర్డర్ లేకుండా బయట పెడితే అది క్లాస్ ఏ మిస్‌డిమీనర్ అనే క్రిమినల్ నేరం, 1,000 నుంచి 10,000 డాలర్ల దాకా పెనాల్టీ కూడా ఉంది. మెట్ల మీద కూర్చున్న రాత్రి ఇందులో ఒక్కటి కూడా మాకు తెలియదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. సబ్‌లెట్ చేసే ప్రతివాళ్ళూ దోచుకునేవాళ్ళు కాదు. వాళ్ళమ్మకి ఆపరేషన్ అయితే ఆరు నెలలు విజయవాడ వెళ్ళి, కట్టే అద్దెకే ఇల్లు మా ఫ్రెండ్ కి ఇచ్చి వెళ్ళిన అక్క ఒకావిడ నాకు తెలుసు, ఓనర్ కి ఉత్తరం రాసి, అగ్రిమెంట్ రాసి, వెళ్ళేముందు వంటింట్లో పప్పు డబ్బాలు కూడా నింపి వెళ్ళింది. ఈ చట్టం ఉన్నది ఆ అక్కలాంటివాళ్ళ కోసం. వాళ్ళకి ఇబ్బంది కలిగేలా ఏదీ మార్చమని నేను అడగట్లేదు.

ఇక మామూలు మనుషుల మీద ఇది ఎలా పడుతోందో, మీరు ఏం చెయ్యాలో, ఒక్కొక్కటిగా.

1. ఫిర్యాదు చేసినవాళ్ళకే ఇల్లు పోతోంది. ఈ ఉత్తరం మొత్తానికి ఇదే ముఖ్యం, మిగతావి చదవకపోయినా ఇది చదవండి. సబ్‌టెనెంట్ ఎక్కువ అద్దె గురించి ఫిర్యాదు చేశాడనుకోండి, లీజుదారు లాభం తీసుకుంటున్నాడని తేలితే ఓనర్ కోర్టుకెళ్ళి ఆ లీజే రద్దు చేయించొచ్చు, ఇలాంటి లాభార్జనని ఇక సరిదిద్దుకునే వీల్లేని తప్పుగా కోర్టులు చూసిన కేసులు ఉన్నాయి. లీజు పోతే దాని కింద ఉన్న సబ్‌టెనెంట్ కూడా బయటికే. తప్పు చేసినవాడికి ఇంకో రాష్ట్రంలో ఇల్లు ఉంది, నిజం చెప్పినవాడికి ఏమీ లేదు. ఓనర్ కూడా ముందే తెలిసి కుమ్మక్కయ్యాడని, లీజుదారు పేరుకి మాత్రమే ఉన్నాడని రుజువు చేస్తే సబ్‌టెనెంట్ ని అసలు టెనెంట్ గా గుర్తించే అవకాశం ఉంది, కానీ ఆ రుజువు తెచ్చే భారం అంతా లాయర్ ఫీజు కట్టలేని మనిషి మీదే. మా డిమాండ్: ఎక్కువ అద్దె వసూలు చేశారని తేలిన చోట, ఫిర్యాదు చేసిన సబ్‌టెనెంట్ ని చట్టబద్ధమైన అద్దెకి కనీసం ఒక ఏడాది అదే ఇంట్లో ఉండనివ్వాలని చట్టంలో రాయండి. ఓనర్ కి దీనివల్ల ఒక్క డాలర్ నష్టం లేదు, ఆయనకి రావాల్సిన అద్దె ఆయనకి వస్తూనే ఉంటుంది.

2. అసలు అద్దె ఎంతో మాకు తెలిసే దారి లేదు. ఏ బిల్డింగుల్లో స్టెబిలైజ్డ్ ఇళ్ళున్నాయో లిస్టు అందరూ చూడొచ్చు, కానీ ఫలానా ఇంటి చట్టబద్ధమైన అద్దె ఎంతో బయటివాళ్ళు చూడలేరు. తలుపు కింద ఆ కాగితం పడకపోయుంటే నేను ఇంకా కడుతూనే ఉండేదాన్ని. సబ్‌లెట్ అగ్రిమెంట్ మొదటి పేజీలోనే చట్టబద్ధమైన అద్దె అంకె రాయడం తప్పనిసరి చెయ్యండి, సబ్‌టెనెంట్ తన పేరుతో అడిగితే ఆ ఇంటి అద్దె చరిత్ర నేరుగా ఇవ్వండి.

3. పేరు పెట్టొద్దు అన్న ఒక్క షరతు పిల్లల వీసా మీదకి వస్తోంది. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు ఇల్లు మారితే 10 రోజుల్లో కాలేజీకి అడ్రస్ చెప్పాలి, అది సెవిస్ అనే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాలి. లీజుదారు ఏమో ఈ అడ్రస్ ఎక్కడా ఇవ్వొద్దు అంటాడు. అతని మాట వింటే స్టేటస్ కి ప్రమాదం, వినకపోతే ఇల్లు పోతుంది. మెయిల్‌బాక్స్ మీద పేరు లేక బ్యాంక్ కార్డు తిరిగి వెళ్ళిపోయిన పిల్లలు, ఇంటి నుంచి పంపిన మందుల పార్సిల్ అందని పిల్లలు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. పైగా అడ్రస్ మీద ఏ కాగితం లేకపోతే రేపు కోర్టులో 30 రోజులు ఇక్కడే ఉన్నాం అని దేనితో చూపించాలి? ఓనర్ కి సబ్‌లెట్ కోసం పంపే ఉత్తరం కాపీ, ఓనర్ జవాబు కాపీ రెండూ సబ్‌టెనెంట్ చేతికి ఇవ్వాలని, ఇవ్వకుండా డబ్బు తీసుకోకూడదని రూల్ పెట్టండి.

4. రూమ్‌మేట్స్ సంగతి వేరే, కానీ మోసం అదే. లీజుదారు కూడా అదే ఇంట్లో ఉంటూ ఇంకొకరిని పెట్టుకుంటే అది సబ్‌లెట్ కాదు, రూమ్‌మేట్ అంటారు. అప్పుడు కూడా స్టెబిలైజ్డ్ ఇంట్లో రూమ్‌మేట్ దగ్గర తన వాటాకి మించి తీసుకోకూడదు. అద్దె 1,500 అయితే, లీజు పేరున ఒకరు, బయట నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు ఉంటే, తలా 500. హాల్లో కర్టెన్ కట్టి ఆ మూలకి 900 తీసుకుంటూ తను ఉచితంగా ఉండే పద్ధతి ఎంత మామూలు అయిపోయిందో మన గ్రూపుల్లో యాడ్లు చూస్తే తెలుస్తుంది. దీని మీద అధికారులు తమంతట తాముగా తనిఖీ చెయ్యాలి, ఫిర్యాదు కోసం చూస్తూ కూర్చుంటే ఎవరూ చెయ్యరు, కారణం ఒకటో పాయింట్ లోనే చెప్పా.

5. డిపాజిట్ కోసం కోర్టుకెళ్ళే ధైర్యం లేదు. 10,000 డాలర్ల లోపు అయితే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో లాయర్ లేకుండానే వెయ్యొచ్చు, కోర్టులో ఇంటర్‌ప్రెటర్ ని ఫ్రీగా ఇస్తారు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే) కేసుల్లో ఉచిత లాయర్ ని ఇచ్చే చట్టం 2017 నుంచి ఉంది, అందులో ఇమిగ్రేషన్ స్టేటస్ అడగరు. పాత ఇంటి కేసు ఉందని కొత్త ఓనర్ ఇల్లు కాదనకూడదని కూడా 2019 లోనే చట్టం చేశారు. ఇవన్నీ ఉన్నా మన పిల్లలు వెళ్ళట్లేదు, కోర్టు అనగానే వీసా గుర్తొస్తుంది. సబ్‌టెనెంట్ల ఫిర్యాదులకి వేరే లైన్ పెట్టి, మీ స్టేటస్ ఎవరికీ చెప్పం అని మొదటి మాటగా చెప్పే మనిషిని కూర్చోబెట్టండి. మాకు కావాల్సింది ముందు ఆ ఒక్క మాట.

6. తెలుగులో ఒక్క కాగితం లేదు. 2017 లోనే చేసిన ఇంకో చట్టం ప్రకారం సిటీ ఆఫీసులు ముఖ్యమైన సమాచారాన్ని పది భాషల్లో ఇవ్వాలి, అందులో బెంగాలీ ఉంది, ఉర్దూ ఉంది, తెలుగు లేదు. పిల్లలకి ఇంగ్లీష్ వచ్చు కదా అంటారు. వచ్చు, కానీ ప్రైమ్ టెనెంట్, లీగల్ రెగ్యులేటెడ్ రెంట్ అనే మాటలు మేము చదివిన ఇంజనీరింగ్ పుస్తకాల్లో లేవు, పైగా డబ్బు పంపేది ఊళ్ళో అమ్మానాన్నలు, వాళ్ళకీ అర్థం కావాలి. రెండు పేజీల తెలుగు కాగితం చాలు, దాన్ని అనువాదం చెయ్యడానికి డబ్బు తీసుకోకుండా వచ్చేవాళ్ళు ఇరవై మంది ఉన్నారు, నేనూ వస్తా.

7. ఇది మన సంఘాలకి, అడ్మిన్లకి. పెద్దలు మీరు ఉగాదికి, సంక్రాంతికి ఎంత బాగా చేస్తారో చూస్తూనే ఉన్నాం, అందరం వచ్చి భోంచేసి వెళ్తాం కూడా. అదే ఊపుతో ఈ పని కూడా పట్టుకోండి. గ్రూపులో ఇల్లు యాడ్ పెట్టాలంటే మూడు వివరాలు అడగండి: ఇది స్టెబిలైజ్డ్ ఇల్లా, చట్టబద్ధమైన అద్దె ఎంత, ఓనర్ కి ఉత్తరం రాశారా. చెప్పకపోతే ఆ యాడ్ తీసెయ్యండి. నేను ఒక గ్రూపులో ఇదే అడిగితే "మనవాళ్ళ పరువు తియ్యొద్దు" అని నన్ను తీసేశారు. పరువు పోయేది నేను అడిగినందుకు కాదు, మేమిద్దరం రాత్రి మెట్ల మీద కూర్చున్నందుకు.

లీజు తమ పేరు మీద ఉన్న అన్నలకి, అక్కలకి కూడా ఒక మాట. మీరు కూడా ఒకప్పుడు రెండు సూట్‌కేసులతో జేఎఫ్‌కే లో దిగినవాళ్ళే. ఇల్లు మీకు తక్కువ అద్దెకి వచ్చిందంటే అది ఓనర్ దయ కాదు, ఈ ఊళ్ళో అద్దెకుండేవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్న చట్టం వల్ల వచ్చింది. దాన్ని పెట్టుకుని కొత్తగా వచ్చిన పిల్లల మీద వ్యాపారం చేస్తే రేపు పోయేది మీ లీజే, కోర్టులో మూడు రెట్లు కట్టాల్సింది మీరే. తిరిగి వచ్చే ఉద్దేశం లేకపోతే ఇల్లు వదిలెయ్యండి, ఆ అద్దెకి ఉండాల్సిన కుటుంబాలు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి.

మా దగ్గర ఉన్న కాగితాలు, జెల్ రికార్డులు, ఆయన పంపిన మెసేజీలు, ఆ రెంట్ బిల్లు ఫొటో అన్నీ దాచి పెట్టా, ఏ అధికారి అడిగినా తెచ్చి చూపిస్తా. ఆయన పేరు ఇక్కడ రాయట్లేదు, ఆయనతో లెక్క కోర్టులో తేల్చుకుంటాం, ఈ ఉత్తరం ఆయన గురించి కాదు. చట్టం మార్చడానికి టైం పడుతుందని నాకు తెలుసు. ఆరో పాయింట్ కి, ఏడో పాయింట్ కి ఏ బిల్లూ పాస్ అవ్వక్కర్లేదు, అవి ఆగస్టు లోపు చెయ్యండి. ఆగస్టు రెండో వారం నుంచి ఫ్లైట్లు నిండా పిల్లలు దిగుతారు, దిగిన మొదటి రోజే గ్రూపుల్లో ఇల్లు వెతుక్కుంటారు.

ఇట్లు,
క్వీన్స్ లో ఉంటున్న ఒక మాజీ సబ్‌టెనెంట్